గుమ్మం దాటిన బూటు

సౌదీకి సముద్రం మీద వంతెన తెరిచిన చలికాలంలో మా ఆయన ఎడమ కాలు ఆయన మాట వినడం మానేసింది. బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లంతా కార్లేసుకుని ఆ వంతెన చూడ్డానికి పోతుంటే, నేను ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూచుని, ఈ మనిషి మళ్లీ లేచి నడుస్తాడా అని ఏడుస్తున్నాను. నేను ఊరికే ఏడ్చే రకం కాదు. మా ప్రార్థన సంఘంలో మగాళ్లు కూడా నా నోటికి జడుస్తారు. అయినా ఆ రోజు ఏడ్చాను, దాచడమెందుకు.

మా ఆయన పేరు జ్ఞానదాసు. మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక వర్క్‌షాపులో వెల్డరు. మధ్యాహ్నం అన్నానికి కూచుంటే టిఫిన్ క్యారియర్ మూత చేతిలోంచి జారిందట. తీద్దామంటే చెయ్యి లేవలేదట. లేద్దామంటే కాలు లేవలేదట. పక్కనున్నవాళ్లు కంపెనీ వ్యాన్‌లో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తారు. పక్షవాతం అన్నారు. ఎడమ పక్కంతా పడిపోయింది. దేవుడి దయ, మాట పోలేదు. కాస్త తెలివి రాగానే సూప్ చప్పగా ఉందని నర్సు మీద కేకలేశాడు. ఆ కేక విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మేముండేది బుదైయాలో. ఒక అరబ్బుల ఇంట్లో వంటా, పిల్లల పనీ నాది. ఇంటి వెనక ఖర్జూరపు చెట్ల పక్కన మాకో గది ఇచ్చారు. మా పిల్లలిద్దరూ తెనాల్లో మా అక్క దగ్గర చదువుకుంటున్నారు. ఆయన కంపెనీ క్యాంపులో ఉండాల్సిన మనిషే గానీ, మా ఇంటి అమ్మగారు ఉమ్ ఖలీల్ మంచిది, మొగుడూ పెళ్లాలు కలిసే ఉండండి అని ఒప్పుకుంది. గల్ఫుకొచ్చిన మా వాళ్లలో అలా ఒక్క గదిలో కాపరం చేసిన అదృష్టం ఎంతమందికి దొరికింది? మాకు దొరికింది. అందుకే నా భయమంతా దాని గురించే.

కంపెనీ మేనేజరు ఆస్పత్రికొచ్చి చూసి, ఉన్నమాట చెప్పి పోయాడు. వెల్డింగ్ ఇంక కుదరదు, సామాన్ల స్టోరులో కూచునే పని ఇస్తాం. ఈస్టర్ తర్వాత వచ్చే శనివారం దాకా ఆగుతాం. ఆ రోజు గేటు దగ్గర్నుంచి స్టోరు దాకా ఎవరూ పట్టుకోకుండా నడిచి రావాలి. వస్తే డ్యూటీ. రాకపోతే ఖలాస్, ఇంటికి టిక్కెట్టు. మేనేజరు కోపంగా కూడా చెప్పలేదు. నెమ్మదిగా చెప్పాడు, దాంతో ఇంకా భయమేసింది.

టిక్కెట్టంటే ఆయనొక్కడికే. నేను కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఎన్నాళ్లో కాలేదు, పిల్లల చదువులు నా జీతం మీదే నడవాలి. ఆయన అక్కడ మంచం మీద, నేను ఇక్కడ పొయ్యి దగ్గర. ఆయన్ని లేపేదెవరు, కూచోబెట్టేదెవరు?

క్రిస్మస్ నాటికి ఇంటికి తీసుకొచ్చాం. చెయ్యి కొంచెం తిరిగింది, గ్లాసు పట్టుకుంటున్నాడు. తొడా మోకాలూ బలం పుంజుకున్నాయి. చిక్కంతా పాదం దగ్గరే. మడమ నేలకి ఆనదు. వేళ్లు కిందికి వంగి, పాదం లోపలికి మెలి తిరిగి, అంచు మీద నిలబడతాడు. అడుగు వేస్తే బొటనవేలు నేలకి తగులుకుని ముందుకి తూలిపోతాడు. దానికి ఆస్పత్రివాళ్లు క్యాలిపర్ ఇచ్చారు. ఒక నల్ల తోలు బూటు, దాని మడమలో రెండు పక్కలా దిగే ఇనప కడ్డీలు, పిక్క దగ్గర తోలు పట్టీ. చీలమండ కిందికి వాలకుండా, పక్కకి తిరక్కుండా అది పట్టి ఉంచుతుంది.

దాన్ని చూడగానే మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. పోలియో పిల్లలకేసేది నాకేస్తారా అన్నాడు. బతుకంతా ఇనుము అతికించినవాడికి ఇప్పుడు ఇనుమే వచ్చి కాలికి అతుక్కుందని సంఘంలో ఎవరో నవ్వులాటకి అన్నారు. అన్నది ఎవరో తెలిస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

అయినా వేసుకున్నాడు. వేసుకోకపోతే నేను వదుల్తానా? బయటికి కదలాలంటే చాలు, గుమ్మం అవతల స్టూలు మీద కూచోబెట్టి, సాక్సు తొడిగి, బూటు ఎక్కించి, పట్టీ బిగించేదాన్ని. తిరిగి రాగానే అదే స్టూలు మీద విప్పి, దుమ్ము తుడిచి, గోడవారగా పెట్టేదాన్ని. ఆస్పత్రికైనా, ప్రార్థనకైనా మా సంఘ పెద్ద ఎలియేజరుగారు తన పికప్‌లో తీసుకెళ్లేవాడు. పికప్ దిగితే బూటు, గది గుమ్మం ఎక్కితే వట్టి కాలు. ఒక్క రోజు కూడా మానలేదు.

మా డాక్టరు ఖురేషీ సాబ్, కరాచీ మనిషి. మాకు వచ్చిన హిందీ ఆయనకి అర్థమయ్యేది, ఆయన చెప్పింది మాకు అర్థమయ్యేది. వెళ్లిన ప్రతిసారీ మొదటి మాట ఒకటే, క్యాలిపర్ రోజూ వేసుకుంటున్నావా భాయ్ అని. మా ఆయన ఛాతీ విరుచుకుని, రోజూ సాబ్, మానలేదు అనేవాడు. నేను కూడా పక్కనుంచి తలూపేదాన్ని. అబద్ధం ఏముంది అందులో?

కసరత్తు చేయించే దొరసాని మిస్ హెలెన్ మాత్రం కొంచెం తికమకపడేది. ఆ కసరత్తు గదిలో, పట్టుకుని నడిచే కమ్మీల మధ్య, ఆవిడ చూస్తుండగా బూటుతో బాగానే నడిచేవాడు. ఇక్కడ ఇంత బాగా నడిచేవాడు ఇంటి దగ్గర ఎందుకు పడుతున్నాడు అని డాక్టర్ని అడిగింది. డాక్టరు మమ్మల్ని అడిగాడు. ఏం చెప్తాం? మా ఖర్మ సాబ్ అన్నాడు మా ఆయన.

పడటమంటే ఉత్త పడటం కాదు. ఫిబ్రవరిలో, యేసు పేరున రొట్టె పంచుకునే ప్రభు భోజనం రోజున, మనామాలో ఎలియేజరుగారి హాల్లో జరిగింది. మేం శుక్రవారం శుక్రవారం అక్కడ కూడుకుంటాం. కింద చాపలు, వాటి మీద దుప్పట్లు, ఇటు మగాళ్లు, అటు ఆడాళ్లు. మా ఆయనకి మటుకు వెనక గోడ దగ్గర కుర్చీ వేశారు. రొట్టె నీ దగ్గరికే తెస్తాం దాసూ, కూచో అన్నారు. ఈయన వింటేనా? జబ్బుపడక ముందు ఆ రొట్టె పళ్లెం పట్టుకుని అందరికీ ఇచ్చింది తనేనాయె. నేనే వస్తానని లేచాడు. రెండడుగులు వేశాడో లేదో, చాప అంచుకి వేళ్లు తగులుకుని బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. పాట ఆగిపోయింది. నేను ఆడాళ్ల వైపు నుంచి ఒక్క ఉదుటున వెళ్లి లేపుతుంటే, నన్ను వదులే, అందరూ చూస్తున్నారు అన్నాడు. ఆ మాటకి నాకు ప్రాణం పోయినట్టయింది.

తర్వాతి వారం ఖురేషీ సాబ్ పాదం అటూ ఇటూ వంచి చూశాడు. మడమ వెనక నరం బిగుసుకుపోతోందన్నాడు. క్యాలిపర్ సరిపోయినట్టు లేదు, ఆపరేషన్ చేద్దాం అన్నాడు. మడమ వెనక నరాన్ని కొంచెం కోసి పొడుగు చేస్తారట. పాదాన్ని లోపలికి లాగుతున్న ఇంకో నరాన్ని చీల్చి, సగం తీసుకొచ్చి బయటి వైపు కుడతారట. అప్పుడు పాదం నిటారుగా నిలబడుతుందట. కొన్ని వారాలు పిండికట్టు. అన్నీ సరిగ్గా కుదిరితే ఈస్టర్ నాటికి నిలబడతాడు, ఇప్పుడే చేయించుకుంటే ఆ శనివారానికి ఆశ ఉంటుంది అన్నాడు. బి.పి. ఉన్న మనిషి, మత్తు ఇవ్వాలి, ప్రమాదం లేదని నేననను అని కూడా అన్నాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు గుండె జారిపోయింది.

ఇంటికొచ్చాక పోట్లాడుకున్నాం. ఉమ్ ఖలీల్ వంటింట్లోంచి తొంగి చూసేంత పోట్లాట.

"వంగిన కమ్మీని తాడేసి కడతారా ఎవరైనా? కోసి, సరిచేసి, అతికిస్తారు. డాక్టరు చెప్పింది అదే. నాకు తెలిసిన పనే అది," అన్నాడు.

"నువ్వు కమ్మీవి కాదయ్యా. కమ్మీకి బి.పి. ఉండదు," అన్నాను.

"ఎన్నాళ్లే ఈ గుదిబండ? ఒక్కసారి కోసేస్తే పీడా పోతుంది."

"కోసే బల్ల మీద మళ్లీ వాతం వస్తే ఏం చేస్తావ్? ఈసారి మాట కూడా పడిపోతే? కుడిపక్క కూడా పోతే?"

"పోతే పోనీ. ఈ కుంటి నడకతో టిక్కెట్టు పట్టుకుని నిన్నిక్కడ వదిలేసి పోయేకంటే అదే నయం."

ఆయన పట్టుబట్టింది కాలు కోసం కాదు, నా కోసం. అది తెలిసి కూడా నాకు ఒళ్లు మండిపోయింది. అన్నం గిన్నె ఆయన ముందు టక్కున పెట్టి బయటికొచ్చి ఖర్జూరపు చెట్టు కింద కూచున్నాను. పెళ్లైనప్పట్నుంచీ ఇంతే ఈ మనిషి, తిట్టబోతే తిట్టనివ్వడు.

సంఘంలో తలో మాట అన్నారు. మరియమ్మత్త అయితే వాళ్ల ఊళ్లో ఎవరికో కాలు కోస్తే గిట్టక మంచం పట్టాడని గంట సేపు చెప్పింది. ఆమె అలాంటివే చెప్తుంది, ఆపరేషన్ అయి లేచి తిరిగినవాళ్లు ఆమెకి ఎప్పుడూ గుర్తుండరు. ఎలియేజరుగారు మాత్రం నన్ను చూపించి, ఇది డాక్టరూ దాసూ మన కృపమ్మా తేల్చుకోవాల్సింది, మనం ప్రార్థన చేద్దాం అని అందరి నోళ్లూ మూయించాడు. ఆయన కొంచెం నిష్ఠగల మనిషి. హాల్లో అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలి. ముసుగు జారితే ఆడాళ్లకీ, గుసగుసలాడితే మగాళ్లకీ ఆయన చూపు చాలు.

చివరికి ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, కాలు ఆయనది.

అడ్మిట్ అవ్వమన్న రోజు పొద్దున్నే వెళ్లాం. సంచిలో లుంగీలు, దువ్వెన, బైబిలు. వార్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నేల అప్పుడే తుడిచారేమో తళతళలాడుతోంది. లోపల వరసగా తెల్ల దుప్పట్లు పరిచిన మంచాలు. వరండాలా, కసరత్తు గదిలా కాదు, మనుషులు పడుకునే ఇల్లులా ఉంది. మా ఆయన గోడ పట్టుకుని ఆగాడు. నేను వంగాను, ఆయన కాలు చాపాడు. పట్టీ విప్పి, బూటూ కడ్డీలూ కలిపి తీసి, గోడవారగా పెట్టాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, పాదం అంచుని నేలకి రాసుకుంటూ లోపలికి అడుగేశాడు.

ఖురేషీ సాబూ, హెలెన్ దొరసానీ లోపల ఒక మంచం దగ్గర మాట్లాడుకుంటూ మమ్మల్ని చూశారు. దొరసాని మాట మధ్యలో ఆపేసింది. ఆయన పాదం వైపు చూసింది, గుమ్మం బయటున్న బూటు వైపు చూసింది. డాక్టర్ని ఏదో అడిగింది.

"బూటెందుకు తీశారు?" అన్నాడు డాక్టరు.

"లోపలికొచ్చాం కద సాబ్," అన్నాడు మా ఆయన. అదేం ప్రశ్న అన్నట్టు.

"ఇంట్లో కూడా తీస్తావా?"

"ఇంట్లో బూట్లేంటి సాబ్."

"ప్రార్థనకి వెళ్లినప్పుడు?"

మా ఆయనకి కోపం వచ్చింది. "దేవుడి దగ్గరికి బూట్లతో ఎట్టా పోతాం?"

"మరి రోజూ వేసుకుంటున్నానన్నావు?"

"రోజూ వేసుకుంటున్నా. బయటికొచ్చిన ప్రతిసారీ వేసుకుంటున్నా. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

అప్పుడడిగాడు డాక్టరు, రోజు మొత్తంలో బయట ఎంత నడుస్తావు అని. మా ఆయన నావైపు చూశాడు. నేను ఆలోచించాను. గది గుమ్మం నుంచి పికప్ దాకా. పికప్ నుంచి ఆస్పత్రి దాకా. శుక్రవారం అయితే హాలు మెట్ల దాకా. మిగతా నడకంతా, పొద్దున లేచి మొహం కడగడం కాడ్నుంచీ పడుకునే దాకా, గదిలోనే, వట్టి కాలితోనే. అంచు మీద, మెలి తిరిగిన పాదం మీద. ఆ సంగతి చెప్తుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

డాక్టరు దొరసానికి ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూచుండిపోయింది. డాక్టరు కాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు.

"మా ఇంట్లో కూడా గుమ్మం దగ్గరే విప్పుతాం," అన్నాడు. "అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు."

తర్వాత మమ్మల్ని కూచోబెట్టి విడమరిచి చెప్పాడు. క్యాలిపర్ పనికిరాలేదని ఇప్పుడు తను అనలేడు, ఎందుకంటే దానికి పని చేసే వీలే దొరకలేదు. నరం బిగుసుకుంటోంది గానీ ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, చేత్తో వంచితే వంగుతోంది. లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా వేసుకుని, దొరసాని చెప్పినట్టు మడమ సాగదీస్తుంటే నిలబడొచ్చు. నిలబడకపోవచ్చు కూడా. ఆపరేషన్ అంటావా, ఈ రోజే చేస్తాను. కానీ ఇప్పుడు ఆపి, క్యాలిపర్‌తో కుదరక, తర్వాత చేయించుకుంటే ఆ శనివారం దాటిపోతుంది. మీరే తేల్చుకోండి అన్నాడు.

నేను నోరు విప్పలేదు. నా జన్మలో అంత సేపు నోరు మూసుకుని కూచున్నది అదే. మా ఆయన మంచం అంచు మీద కూచుని ఉన్నాడు. కోయించుకుంటానని గుండె రాయి చేసుకుని వచ్చిన మనిషి. ఆయన కళ్లల్లో కోపం కనిపిస్తోంది, ఎవరి మీదో ఆయనకే తెలియనట్టుంది.

"కోసినాక ఇంక ఆ ఇనుము ఉండదు కదా?" అన్నాడు.

"ఉంటుంది. కట్టు విప్పాక కొన్ని నెలలు వేసుకోవాలి," అన్నాడు డాక్టరు.

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా."

మా ఆయన పాదాన్ని ఒకసారి చేత్తో తడుముకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఎట్టాగూ వేసుకోవాల్సిందే అయితే కోయించుకోకుండానే వేసుకుంటా. ఆ బూటిట్టా తే," అన్నాడు.

తెచ్చి తొడిగాను. ఆ తెల్లటి వార్డులో, తుడిచిన నేల మీద, బూటుతో నడిచి బయటికొచ్చాడు. దొరసాని గుమ్మం దాకా వెనకే వచ్చింది.

వేసుకుంటానన్నంత తేలిక కాలేదు. ముందు నాకే మనసొప్పలేదు. మా గదిలో వండుకునే చోటే తినే చోటు, తినే చోటే పడుకునే చోటు. అందులో బూటేసుకుని ఠకా ఠకా తిరిగే మనిషిని చూస్తుంటే అన్నం సహించేది కాదు. ఆస్పత్రిలో బూట్లకి కడ్డీలు బిగించేవాళ్లని బతిమాలి ఇంకో జత బూట్లకి మడమలో రంధ్రాలు పెట్టించాను. కడ్డీలు అవే, ఒక బూటులోంచి లాగి ఇంకో బూటులో దింపుకోవడమే. ఆ రెండో జత రోడ్డు మొహం చూడలేదు. దాని అడుగు మా కంచమంత శుభ్రంగా ఉండేది. ఉమ్ ఖలీల్ ఒకసారి గదిలోకొచ్చి, బూటుతో కూచున్న మా ఆయన్ని చూసి కెవ్వుమంది. నాకొచ్చిన అరబ్బీలో సంగతి చెప్పాను. మర్నాడు తన ముఖమల్ పీట ఒకటి పంపించింది, కాలు పెట్టుకోవడానికి.

పొద్దున మంచం దిగకముందే బూటు. స్నానానికి తప్ప విప్పేది లేదు. తువ్వాలు పాదానికి వేసి పైకి లాగుతూ మడమ సాగదియ్యమంది దొరసాని. నేను లాగుతుంటే తిట్టేవాడు, తిట్టు గానీ కాలు వెనక్కి లాక్కోకు అనేదాన్ని. మొదటి వారాలు తేడా ఏమీ కనపళ్లేదు. పిక్క మీద పట్టీ ఒరుసుకుని పుండు కూడా పడింది. ఆపరేషన్ వద్దన్నది తప్పేమోనని భయపడ్డాను. ఒక రోజు సాయంత్రం నేను అమ్మగారింట్లో పని ముగించుకుని వచ్చేసరికి ఆయన కుండ దగ్గర నిలబడి నీళ్లు ముంచుకుంటున్నాడు. దేన్నీ పట్టుకోలేదు. మడమ నేల మీద ఉంది. నేను గమనించానని చెప్పలేదు. చెప్తే మానేస్తాడేమోనని భయం.

అయితే శుక్రవారం మాత్రం దారికి రాలేదు. ఎంత శుభ్రంగా ఉన్నా బూటు బూటే, దాంతో హాల్లోకి రాను అన్నాడు. విప్పనూ కూడదు, దొరసానికి మాటిచ్చాడు. అందుకని మెట్ల దగ్గర, చెప్పుల గుట్ట పక్కన కుర్చీ వేయించుకుని అక్కడే కూచునేవాడు. లోపల పాట, బయట ఈయన. నెలంతా అంతే. ఎలియేజరుగారు ఏమీ అనలేదు. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శుక్రవారం ప్రభు భోజనం వచ్చింది. ఎలియేజరుగారు రొట్టె పళ్లెం తీసుకుని గుమ్మం దాకా వచ్చాడు. మా ఆయన వద్దని తల అడ్డంగా ఊపాడు. బయట కూచుని తీసుకోనండీ, నడిచొచ్చి తీసుకునే రోజున తీసుకుంటా అన్నాడు. పెద్దాయన పళ్లెం పట్టుకుని అట్టాగే నిలబడిపోయాడు. నా ముసుగు సరిచేసుకుని లేచాను. ఆడాళ్లు లేచి మాట్లాడకూడదు, అందునా రొట్టె పంచే వేళప్పుడు. లేచాను.

"అయ్యగారూ, మీ అందరికీ కాళ్లు దేవుడు ఒక్కసారే ఇచ్చాడు. మా ఆయనకి ఎడమ కాలు రెండోసారి ఇచ్చాడు, ఇనుముతో ఇచ్చాడు. అది చెప్పు కాదు, కాలు. ఇక్కడ ఎవరైనా కాలు మెట్ల మీద వదిలేసి లోపలికొచ్చారా?"

మరియమ్మత్త కూచోమని నా కొంగు లాగింది. నేను కూచోలేదు.

ఎలియేజరుగారు నావైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు, "నీకేం అనిపిస్తోంది దాసూ?"

"నాకు లోపలికి రావాలనుందయ్యా," అన్నాడు మా ఆయన.

పెద్దాయన పళ్లెం బల్ల మీద పెట్టి వచ్చాడు. వంగి, గుమ్మం దగ్గర చాప అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. అది చూసి పక్కనున్న నర్సింలు, మా సంఘం మనిషి కూడా కాదు, మా ఆయనతో పనిచేసే కరీంనగర్ వెల్డరు, చూసి పోదామని వచ్చినవాడు, రెండో కొస పట్టుకున్నాడు. గుమ్మం నుంచి బల్ల దాకా సిమెంటు నేల బయటపడింది. తగులుకునేందుకు ఏమీ లేదు.

"రా మరి. ఆలస్యమవుతోంది," అన్నాడు ఎలియేజరుగారు.

మా ఆయన లేచాడు. బూటు చప్పుడు హాలంతా వినిపించింది. నిదానంగా వచ్చాడు, పక్కలకి చూడకుండా వచ్చాడు, పడకుండా వచ్చాడు. రొట్టె తీసుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆస్పత్రి వరండా తర్వాత మళ్లీ ఏడ్చింది అప్పుడే, ఇందులో సిగ్గేమీ లేదు.

ఈస్టర్ అయ్యాక ఖురేషీ సాబ్ పాదం చూశాడు. పూర్తిగా బాగైందని అనలేదు. ఇది ఎప్పటికీ మంచి కాలులా ఉండదు, ఈ బూటు చాలా కాలం తోడుంటుంది, మళ్లీ మెలి తిరిగితే అప్పుడు కోద్దాం, ఆపరేషన్ ఎక్కడికీ పోదు అన్నాడు. ప్రస్తుతానికి కత్తితో పని లేదన్నాడు. మా ఆయన అప్పుడు కూడా, ఇంకా కొంచెం ఆశగా, కోస్తే ఈ కడ్డీలు ఎప్పటికైనా పోతాయా అని అడిగాడు. ఈ మనిషి మారడు.

శనివారం పొద్దున బస్సులో మీనా సల్మాన్ వెళ్లాం. ఎలియేజరుగారు పికప్‌లో దింపుతానన్నాడు గానీ మా ఆయన వద్దన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను లోపలికి పోనివ్వలేదు. నేను కంచె బయటే ఆగిపోయాను. మేనేజరు స్టోరు ముందు నిలబడి ఉన్నాడు. మధ్యలో పెద్ద ఆవరణ, పైపులు, ఇనప రేకులు, లారీ చక్రాల గుంటలు. మా ఆయన నావైపు తిరిగి చూడకుండా బయలుదేరాడు. కంచె తీగ పట్టుకుని నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఒకచోట పైపు అడ్డం వస్తే ఆగాడు. మేనేజరు ఒకడుగు ముందుకేశాడు. మా ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు, చుట్టూ తిరిగి పోయాడు. స్టోరు గుమ్మం దగ్గర మేనేజరు ఆయనతో ఏదో అన్నాడు, భుజం తట్టాడు. ఇద్దరూ లోపలికి పోయారు.

నేను చూస్తూనే ఉన్నాను. బయటికొస్తాడని చూశాను. ఎంతకీ రాడే. చివరికి వాచ్‌మన్ వచ్చి హిందీలో చెప్పాడు. ఎండలో ఎందుకు నిలబడ్డావమ్మా, దాసు భాయ్ డ్యూటీ ఎక్కేశాడు, ఇవాళే కూచోమన్నారు, నువ్వెళ్లిపో.

చూడు ఆ మనిషి పని. ఇంత దూరం తీసుకొచ్చిన పెళ్లానికి ఒక మాట చెప్పాలా వద్దా? బస్సులో బుదైయా దాకా ఒక్కదాన్నే తిట్టుకుంటూ వచ్చాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ఒక్కదాన్నవుతానేమోనని ఆ చలికాలమంతా చచ్చేటంత భయపడ్డాను గదా, ఆ ఖాళీ సీటుని చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. దాని మీద నా సంచి పెట్టుకుని, కిటికీ తెరుచుకుని కూచున్నాను. సాయంత్రం కంపెనీ వ్యాన్‌లో వస్తాడు. ఎక్కడికో కాదు, ఇంటికే వస్తాడు.